అంతరిక్షంలో గట్టు ఎక్కడ వేయాలి? స్పేస్ స్ట్రాటజీ గేముల్లో సరిహద్దుల వెనక కథ

"అన్నా, ఇందాకటి వరకు నాదిగా ఉన్న నక్షత్రం ఇప్పుడు వాడిదైపోయింది. నేనేం తప్పు చేశాను?"

ఈ ప్రశ్న అడిగింది మా పిన్ని కొడుకు. ఇంటర్ సెకండియర్ చదువుతున్నాడు. ఆఫీసు పని అయ్యాక రాత్రిళ్లు కూర్చుని ఆర్నెల్లుగా నేను రాసుకుంటున్న చిన్న స్పేస్ స్ట్రాటజీ గేమ్‌కి వాడే మొదటి టెస్టర్. గేమ్ మరీ పెద్దదేం కాదు. ఫోన్ స్క్రీన్ మీద 60 నక్షత్రాలు, నలుగురు ప్రత్యర్థులు, టర్నుల వారీగా ఆట. వాడు మూడు రోజులు కష్టపడి ఒక మూలన తొమ్మిది నక్షత్రాలు సంపాదించుకున్నాడు. అందులో ఖనిజాలు బాగా ఉన్న ఒకటి ఆకుపచ్చ నుంచి ఎరుపుకి మారిపోయింది. యుద్ధం జరగలేదు. శత్రువు షిప్ ఒక్కటి కూడా అటువైపు రాలేదు.

బగ్ అనుకుని లాగ్ తీసి చూశాను. కోడ్ నేను రాసినట్టే నడిచింది. తేడా అంతా నేను పెట్టిన రూల్‌లోనే ఉంది. "నువ్వేం తప్పు చేయలేదురా" అన్నాను. "మరి ఎందుకు పోయింది?" అన్నాడు. వాడికి అర్థమయ్యేలా చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. ఆ సాయంత్రమే వాడు గేమ్ అన్‌ఇన్‌స్టాల్ చేశాడు.

ఆ జవాబు కోసం వెతుకుతూ పోతే తెలిసింది, ఇదే చిక్కుముడి చాలా పెద్ద స్టూడియోలని కూడా తిప్పలు పెట్టిందని. ఒక స్టూడియో అయితే దీనికోసం రిలీజైన గేమ్‌నే దాదాపు రెండేళ్ల తర్వాత విప్పి మళ్లీ బిగించింది. స్ట్రాటజీ గేములు ఆడేవాళ్లకీ, ఎప్పుడైనా ఒకటి తయారు చేయాలనుకునేవాళ్లకీ పనికొస్తుందని ఆ కథంతా ఇక్కడ చెబుతున్నాను.

భూమే లేని చోట భూభాగం

నేల మీద ఆడే గేముల్లో సరిహద్దు పెట్టడం కొంత సులువు. నది ఉంటుంది, కొండ ఉంటుంది, సముద్రం ఉంటుంది. మ్యాప్ చూడగానే ఎక్కడ ఆగాలో కన్నుకి తెలిసిపోతుంది. అంతరిక్షంలో అవేవీ లేవు. చుక్కలు, వాటి మధ్య ఖాళీ. నిజ జీవితంలో కూడా అక్కడ గీతలు లేవు. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం ప్రకారం చంద్రుణ్ని గానీ, మరే గ్రహాన్ని గానీ ఏ దేశమూ తనదని ప్రకటించుకోకూడదు. కాబట్టి గేమ్ డిజైనర్‌కి కాపీ కొట్టడానికి నమూనా లేదు. గట్టు ఎక్కడ వేయాలో మొదటి నుంచీ తనే తేల్చుకోవాలి.

ఏ గేమ్‌లోనైనా సరిహద్దు మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఈ చోటు ఎవరిది? ఎందుకు వాళ్లది? దాటితే ఏమవుతుంది? మొదటిదానికి రంగు చాలు. అందుకే కొత్తగా గేమ్ రాసేవాళ్లు, నాతో సహా, రంగు వేసేసి పని అయిపోయిందనుకుంటారు. రెండో ప్రశ్న దగ్గరే అందరం బోల్తా పడతాం.

మొదటి పద్ధతి: గుండ్రంగా గీసేయడం

అందరికీ ముందుగా తట్టే ఐడియా ఇది. ప్రతి కాలనీ చుట్టూ ఒక వృత్తం గీయాలి. కాలనీ పెరిగేకొద్దీ వృత్తం పెరుగుతుంది. రెండు వృత్తాలు తగులుకున్న చోట, ఎవరికి దగ్గరైతే వాళ్లది. గణితంలో దీన్ని వొరొనోయ్ చిత్రం అంటారు. మన సెల్ టవర్ల కవరేజ్ మ్యాప్ లాంటిదే అనుకోండి. ఫోన్ ఏ టవర్‌కి దగ్గరగా ఉంటే దాని పరిధిలోకి వచ్చినట్టు, నక్షత్రం ఏ కాలనీకి దగ్గరగా ఉంటే దాని పరిధిలోకి వస్తుంది. ఒక టవర్ పవర్ పెంచితే దాని పరిధి పక్కదాని మీదికి జరుగుతుంది కదా, ఇక్కడా అంతే.

చూడ్డానికి ఇది చాలా బాగుంటుంది. మ్యాప్ మీద మెత్తటి వంపులతో రంగులు విస్తరిస్తుంటే సామ్రాజ్యం ఊపిరి తీసుకుంటున్నట్టే ఉంటుంది. 2016 మే 9న పారడాక్స్ సంస్థ విడుదల చేసిన స్టెల్లారిస్ మొదట్లో ఇదే దారిలో వెళ్లింది. కాలనీల చుట్టూ సరిహద్దు వ్యాపిస్తుంది. కాలనీ లేని చోట ఫ్రంటియర్ ఔట్‌పోస్ట్ అనే చిన్న స్థావరం కట్టి కూడా పరిధి పెంచుకోవచ్చు. దానికి బదులుగా ఇన్‌ఫ్లుయెన్స్ అనే వనరును నెలనెలా కట్టాలి. టెక్నాలజీ పెంచుకుంటే పరిధి ఇంకాస్త పెరుగుతుంది.

ఈ పద్ధతిలో సమస్య ఏంటంటే, సరిహద్దు కదలడానికి కారణం ఎక్కడో దూరంగా ఉంటుంది. పక్క సామ్రాజ్యం తన కాలనీలో జనాభా పెంచుకుంటుంది, లేదా ఏదో పరిశోధన పూర్తి చేస్తుంది. దాని ఫలితం మీ ఇంటి గుమ్మం దగ్గర కనిపిస్తుంది. అంచున ఉన్న సిస్టమ్ యుద్ధం లేకుండానే చేతులు మారుతుంది. ఊళ్లో పొలం గట్టు రాత్రికి రాత్రి జానెడు జరిగితే ఎలా ఉంటుందో తెలుసు కదా. కనీసం అక్కడ ఎవడు జరిపాడో తెలుస్తుంది, పంచాయితీ పెట్టొచ్చు. ఇక్కడ గట్టు దానంతటదే జరుగుతుంది. మా తమ్ముడికి జరిగింది ఇదే.

ఒకే గెలాక్సీ, మూడు కొలబద్దలు

స్టెల్లారిస్‌లో అసలు ఇబ్బంది ఇంకా లోతులో ఉంది. ఆట మొదలుపెట్టేటప్పుడు మీ జాతి నక్షత్రాల మధ్య ఎలా ప్రయాణిస్తుందో మీరే ఎంచుకోవచ్చు. మూడు రకాలుండేవి. వార్ప్ తీసుకుంటే పరిధిలో ఉన్న ఏ నక్షత్రానికైనా తిన్నగా ఎగిరిపోవచ్చు. వార్మ్‌హోల్ తీసుకుంటే ఒక స్టేషన్ కట్టుకుని, దాని చుట్టూ ఉన్న పరిధిలో ఎక్కడికైనా దూకొచ్చు. హైపర్‌లేన్ తీసుకుంటే ముందే గీసి ఉన్న దారుల్లో మాత్రమే వెళ్లాలి, కానీ వేగంగా వెళ్లొచ్చు.

చదువుతుంటే సూపర్‌గా ఉంది కదా? ఒకే గేమ్‌లో మూడు ఆటలు. కానీ సరిహద్దు వైపు నుంచి ఆలోచించండి. హైపర్‌లేన్ వాడే సామ్రాజ్యానికి "ఈ నక్షత్రం దగ్గర కోట కడితే వెనకున్న పది నక్షత్రాలు సేఫ్" అనే లెక్క ఉంటుంది. వార్ప్ వాడే పక్కవాడు ఆ కోట పక్కనుంచి తిన్నగా ఎగిరి వెనక్కి దిగుతాడు. వాడికి ఆ కోట ఒక చుక్క, అంతే. ఇద్దరూ ఒకే మ్యాప్ చూస్తున్నారు. కానీ దగ్గర, దూరం అనే మాటలకు ఒక్కొక్కరికీ ఒక్కో అర్థం. ఒకరి కొలబద్దతో గీసిన గీత రెండోవాడికి గీతే కాదు.

అందుకే 2018 ఫిబ్రవరి 22న వచ్చిన 2.0 అప్‌డేట్‌లో పారడాక్స్ పెద్ద నిర్ణయమే తీసుకుంది. సైన్స్ ఫిక్షన్ రచయిత్రి సి.జె. చెర్రీ పేరు మీద దీనికి 'చెర్రీ' అని పేరు పెట్టారు. అపోకలిప్స్ ఎక్స్‌పాన్షన్ కూడా అదే రోజు వచ్చింది. అప్పటి గేమ్ డైరెక్టర్ మార్టిన్ ఆన్వార్డ్ టీమ్ రెండు పనులు కలిపి చేసింది.

ఒకటి, వృత్తాలు తీసేశారు. ఇక నుంచి ఒక సిస్టమ్‌లో స్టార్‌బేస్ ఎవరిదైతే ఆ సిస్టమ్ వాళ్లది. కావాలంటే కన్‌స్ట్రక్షన్ షిప్ పంపి, ఇన్‌ఫ్లుయెన్స్ ఖర్చు పెట్టి, ఔట్‌పోస్ట్ కట్టుకోవాలి. దూరంగా వెళ్లి కడితే ఖర్చు పెరుగుతుంది. బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టుకోవడం లాంటిదన్నమాట, కాకపోతే ఈ కర్చీఫ్‌కి డబ్బులు కట్టాలి, దాన్ని తీసేయాలంటే యుద్ధం చేయాలి.

రెండు, ప్రయాణ పద్ధతుల్లో హైపర్‌లేన్ ఒక్కటే అందరికీ ఉంచారు. సహజంగా దొరికే వార్మ్‌హోల్స్, ఆటలో ముందుకెళ్లాక దొరికే గేట్‌వేలు, జంప్ డ్రైవ్ లాంటివి ఉన్నాయి గానీ, రోజువారీ ప్రయాణం మాత్రం అందరిదీ అవే దారుల్లో.

రెండో నిర్ణయం మీద పాత ఆటగాళ్లలో చాలామంది మండిపడ్డారు. కొన్నప్పుడు ఉన్న ఫీచర్ తీసేస్తే ఎవరికైనా మండుతుంది. ఫోన్‌లో హెడ్‌ఫోన్ జాక్ తీసేసినప్పుడు మనమేం ఊరుకున్నామా? కానీ ఈ రెండు పనులూ విడివిడిగా చేయడం కుదరదు. సరిహద్దుకి విలువ రావాలంటే, దాన్ని దాటే పద్ధతి అందరికీ ఒకటే అయి ఉండాలి. మూడు ప్రయాణ పద్ధతులు ఉంచి సరిహద్దులు మాత్రం మార్చి ఉంటే స్టార్‌బేస్‌లు అలంకారంగా మిగిలేవి.

దారులు వచ్చాక ఏం మారింది

కాజీపేట జంక్షన్ గుర్తు తెచ్చుకోండి. ఢిల్లీ నుంచి వచ్చే లైను అక్కడ చీలి ఒకటి సికింద్రాబాద్ వైపు, ఒకటి విజయవాడ వైపు వెళ్తుంది. ఊరి సైజు ఎంతైనా కానివ్వండి, ఆ జంక్షన్ ఆగితే రెండు వైపులా రైళ్లు ఆగుతాయి. దారులున్న మ్యాప్‌లో నక్షత్రాలు కూడా అలాగే అవుతాయి. ఖనిజాలు లేని, గ్రహాలు లేని ఒక పిచ్చి నక్షత్రం, నాలుగు దారులు కలిసే చోట ఉంటే చాలు, అందరికీ అదే కావాలి.

పారడాక్స్ దీన్ని గెలాక్టిక్ టెర్రైన్ అని పిలిచింది. అంటే అంతరిక్షానికి కొండలు, లోయలు తెచ్చిపెట్టడం. పల్సార్ ఉన్న సిస్టమ్‌లో షిప్పుల షీల్డులు పనిచేయవు. న్యూట్రాన్ నక్షత్రం దగ్గర షిప్పులు నెమ్మదిస్తాయి. సరైన టెక్నాలజీ ఉన్న స్టార్‌బేస్ శత్రువు నౌకాదళాన్ని ముందుకు పోనీయకుండా ఆపుతుంది. పోరు ఎక్కడ జరగాలో ఇప్పుడు మ్యాపే చెబుతుంది.

దీని లోటు దీనికీ ఉంది. తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటే ఇల్లంతా మనదే అన్నట్టు, ఒక జంక్షన్ పట్టుకుని వెనకున్న ఇరవై నక్షత్రాలను తీరిగ్గా నింపుకోవచ్చు. అవి ఇంకా ఎవరివీ కాకపోయినా వేరేవాళ్లు రాలేరు. రెండోది, ఒక్కో నక్షత్రానికి షిప్ పంపి కట్టడం అంటే క్లిక్కుల మీద క్లిక్కులు. పాత పద్ధతిలో సరిహద్దు దానంతటదే పెరిగే ఆ హాయి పోయింది. అందుకే పాతదే ఇష్టమనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. స్టీమ్‌లో గేమ్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి బీటాస్ దగ్గర పాత వెర్షన్ ఎంచుకుంటే ఆ రోజుల స్టెల్లారిస్ ఎలా ఉండేదో మీరే చూడొచ్చు. కొత్తది కొన్ని గంటలు ఆడి, వెంటనే పాతది ఆడండి. పది ఆర్టికల్స్ చదివినదానికంటే ఎక్కువ అర్థమవుతుంది.

ఇంకో రెండు దారులు

వృత్తమా, ఔట్‌పోస్టా అని రెండే దారులు లేవు.

2008లో వచ్చిన సిన్స్ ఆఫ్ ఎ సోలార్ ఎంపైర్‌లో గ్రహాల మధ్య ఫేజ్ లేన్లు ఉంటాయి. అందులో కల్చర్ అనే ప్రభావం ఉంటుంది. దాన్ని ప్రసారం చేసే కేంద్రాలు కడితే, ఆ ప్రభావం అవే లేన్ల వెంట మెల్లగా పాకుతుంది. శత్రువు గ్రహం మీద మీ కల్చర్ చాలాకాలం ఉంటే అక్కడి జనం విధేయత తగ్గుతూ పోయి, చివరికి ఆ గ్రహం వాళ్ల చేయి దాటిపోతుంది. వృత్తంలో ఉన్న మెత్తదనం ఇందులోనూ ఉంది. కానీ షిప్పులు ఏ దారిలో వస్తాయో ప్రభావం కూడా ఆ దారిలోనే వస్తుంది కాబట్టి, ప్రమాదం ఎటు నుంచి వస్తోందో ఆటగాడికి కళ్ల ముందే కనబడుతుంది. దారి మధ్యలో తన ప్రసార కేంద్రం కట్టి వెనక్కి నెట్టొచ్చు.

ఈవ్ ఆన్‌లైన్‌ది మరో రకం. ఇందులో ప్రత్యర్థులంతా నిజమైన మనుషులు. ఆటగాళ్ల కూటములు సిస్టమ్‌లను తమ అధీనంలో ఉంచుకుంటాయి. 2014 జనవరిలో ఒక కూటమి బి-ఆర్5ఆర్‌బి అనే సిస్టమ్‌కి కట్టాల్సిన బిల్లు కట్టలేదు. ఆ సిస్టమ్ వాళ్ల అధీనంలోంచి జారిపోయింది. ప్రత్యర్థులు వెంటనే దిగారు. దాదాపు 21 గంటలపాటు యుద్ధం నడిచింది. 7,500 మందికి పైగా ఆటగాళ్లు ఏదో ఒక దశలో అందులో ఉన్నారు. గేమ్‌లోనే అతి పెద్ద షిప్పులైన టైటన్లు 75 ధ్వంసమయ్యాయి. నిజమైన డబ్బుతో లెక్కేస్తే నష్టం 3 లక్షల డాలర్ల పైమాటే అని అంచనా వేశారు. ఒక్క ఈఎంఐ మిస్సయితే వచ్చిన గొడవ అది!

ఇంత నష్టం జరిగినా "మా సిస్టమ్ ఎందుకు పోయింది" అనే ప్రశ్నకు అక్కడ రూల్‌లోనే జవాబుంది. బిల్లు కట్టలేదు, పోయింది. రూల్ కఠినంగా ఉంది, కానీ స్పష్టంగా ఉంది. ఆటగాడు ఓడిపోవడాన్ని భరిస్తాడు. ఎందుకు ఓడాడో తెలియకపోవడాన్ని మాత్రం భరించలేడు.

నా గేమ్‌లో అసలు ఏం జరిగింది

ఇప్పుడు మా తమ్ముడి నక్షత్రం దగ్గరికి వద్దాం. నా గేమ్‌లో షిప్పులు దారుల్లోనే వెళ్తాయి. కానీ సరిహద్దు లెక్క మాత్రం స్క్రీన్ మీద తిన్నటి దూరంతో వేశాను, ఎందుకంటే కోడ్ రాయడం ఈజీ. వాడి నక్షత్రానికి ఎరుపు వాడి కాలనీ తిన్నగా చూస్తే పక్కనే ఉంది. మధ్యలో దారి మాత్రం లేదు. చుట్టూ తిరిగి వెళ్లాలంటే ఏడు గెంతులు. ఎరుపు వాడి జనాభా పెరిగింది, వృత్తం పెరిగింది, నక్షత్రం మింగేసింది. మా వాడు తిరిగి తెచ్చుకుందామన్నా ఏడు గెంతుల అవతల ఉన్న శత్రువు దగ్గరికి వెళ్లాలి. స్టెల్లారిస్‌లో మూడు కొలబద్దలుంటే నా దగ్గర రెండు. షిప్పుకొకటి, సరిహద్దుకొకటి.

అర్థమయ్యాక రూల్ ఒక్కటే పెట్టుకున్నా. షిప్ ఏ కొలబద్దతో కదులుతుందో సరిహద్దు కూడా దానితోనే కొలవాలి.

కొత్త లెక్క ఇలా ఉంది. ప్రతి కాలనీకి ఒక బలం. దారిలో ఒక్కో గెంతుకి ఆ బలం 2 తగ్గుతుంది. బలం 10 ఉన్న మీ కాలనీ మూడు గెంతుల దూరంలో ఉంటే ఆ నక్షత్రం దగ్గర మీ పట్టు 4. బలం 9 ఉన్న శత్రువు రెండు గెంతుల దూరంలో ఉంటే అతని పట్టు 5. నక్షత్రం అతనిది. కాగితం మీద కూడా వేసుకోగలిగే లెక్క. కోడ్‌లో అయితే బీటెక్‌లో చదువుకున్న డైక్‌స్ట్రా అల్గారిథమే, కాకపోతే ఒక చోట నుంచి కాకుండా అన్ని కాలనీల నుంచి ఒకేసారి మొదలవుతుంది. పరీక్ష కోసం బట్టీ పట్టి మర్చిపోయిన టాపిక్ ఇలా తిరిగొస్తుందని అనుకోలేదు.

దీనితో ఇంకో సమస్య వచ్చింది. ఇద్దరి పట్టు 4, 5 మధ్య ఊగుతుంటే నక్షత్రం రంగు ప్రతి టర్నుకీ మారుతూ డిస్కో లైటులా తయారైంది. దీనికి ఏసీ థర్మోస్టాట్ చేసే పనే చేశాను. 24 డిగ్రీలు పెడితే అది 24 దాటిన ప్రతిసారీ కంప్రెసర్‌ని ఆన్ ఆఫ్ చేయదు, కొంచెం వెసులుబాటు ఇస్తుంది. అలాగే కొత్తవాడి పట్టు పాతవాడి కంటే కనీసం 2 ఎక్కువ ఉండాలి, అది వరసగా మూడు టర్నులు ఉండాలి. అప్పుడే నక్షత్రం చేతులు మారుతుంది.

ఈ మూడు టర్నులే గేమ్‌ని మార్చేశాయి. మొదటి టర్నులోనే సరిహద్దు గీత చుక్కల గీతగా మారుతుంది. నక్షత్రం మీద వేలు పెడితే "ఎరుపు 7, మీరు 4, ఇంకా 2 టర్నులు" అని చూపిస్తుంది. పక్కనే ఏ కాలనీ నుంచి, ఏ దారిలో ఆ ఒత్తిడి వస్తోందో మెరుస్తుంది. దారి మధ్యలో ఔట్‌పోస్ట్ కడతావా, కాలనీ పెంచుతావా, యుద్ధం చేస్తావా, వదిలేస్తావా? నీ ఇష్టం. ఇంతకుముందు నష్టం తప్ప ఏమీ లేని చోట ఇప్పుడు ఎంచుకోవడానికి నాలుగు పనులున్నాయి.

గీత దాటితే ఏమవుతుంది

మూడో ప్రశ్న చిన్నదే గానీ వదిలేస్తే కొంప ముంచుతుంది. ఎక్కువ గేముల్లో ఉండే పద్ధతి ఇది. సరిహద్దు తెరిచి ఉంటే ఎవరైనా వెళ్లొచ్చు, మూసి ఉంటే యుద్ధం ప్రకటించకుండా వెళ్లలేరు. చిక్కల్లా మధ్యలో వస్తుంది. మీ షిప్ పరాయి ప్రాంతంలో ఉండగా వాళ్లు సరిహద్దు మూసేస్తే? స్టెల్లారిస్‌లో బయటికి దారి లేక ఇరుక్కుపోయిన నౌకాదళాన్ని ఆచూకీ లేనిదిగా ప్రకటించి మ్యాప్ నుంచి తీసేస్తారు, కొంతకాలానికి అది ఇంటికి చేరుతుంది. నేను ఇంకా తేలిక దారి పట్టాను. బయటికి వెళ్లడానికి ఎప్పుడూ అనుమతి ఉంటుంది, లోపలికి వెళ్లడానికే ఉండదు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ రూల్!

ఫోన్ మీద అయితే ఇంకొన్ని తలనొప్పులు

మన సైట్ చదివేవాళ్లకి ఈ భాగం బాగా నచ్చుతుందనుకుంటా. నా మొదటి వెర్షన్‌లో ప్రతి పిక్సెల్‌కి "నీకు ఏ కాలనీ దగ్గర" అని అడిగేవాణ్ని. 1080 × 2400 స్క్రీన్ అంటే 25 లక్షల 92 వేల పిక్సెల్స్. ఒక్కొక్కదానికి 60 నక్షత్రాలతో దూరం చూస్తే ఒక్క ఫ్రేమ్‌కి 15.5 కోట్ల లెక్కలు. సెకనుకి 60 ఫ్రేములు. పావుగంట ఆడేసరికి ఫోన్ వెనక ఇస్త్రీ పెట్టెలా కాలింది. మా తమ్ముడిది బడ్జెట్ ఫోన్, వాడిదైతే ఆగి ఆగి నడిచింది.

దీనికి పరిష్కారం రెండు పనులను విడదీయడం. నక్షత్రం ఎవరిదో తేల్చేది దారుల మీద వేసే ఆ చిన్న లెక్క. 60 నక్షత్రాలకి అది రెప్పపాటు పని. బొమ్మ గీయడం వేరే పని. సరిహద్దు టర్ను చివర మాత్రమే మారుతుంది కాబట్టి, ప్రతి ఫ్రేమ్‌కీ గీయక్కర్లేదు. 512 × 512 సైజు చిన్న బొమ్మ మీద ఒకసారి గీసి, దాన్నే సాగదీసి చూపిస్తే చాలు. గీయడానికి జంప్ ఫ్లడింగ్ అనే పద్ధతి ఉంది. 2006లో సింగపూర్ నేషనల్ యూనివర్సిటీ పరిశోధకులు గ్వాడాంగ్ రాంగ్, టియో సెంగ్ టాన్ దీన్ని ప్రచురించారు. ప్రతి పిక్సెల్ తన చుట్టూ ఉన్నవాటిని అడిగి తెలుసుకుంటుంది, మొదట 256 పిక్సెల్స్ దూరంలో ఉన్నవాటిని, తర్వాత 128, తర్వాత 64, అలా 1 వరకు. మొత్తం 9 రౌండ్లు. దాదాపు 2 కోట్ల లెక్కల్లో బొమ్మ వచ్చేస్తుంది, అది కూడా టర్నుకి ఒక్కసారే. ఫోన్ చల్లగా ఉంది.

రెండో తలనొప్పి రంగులు. సరిహద్దు అంటే రంగు అనుకుంటే, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియని ఆటగాడికి మీ గేమే కనబడదు. మధ్యాహ్నం ఎండలో బస్టాప్‌లో నిలబడి ఆడితే మిగతావాళ్లకి కూడా అదే పరిస్థితి. అందుకే ఒక్కో సామ్రాజ్యానికి రంగుతో పాటు గీతల డిజైన్ కూడా పెట్టాను. ఒకరిది అడ్డ గీతలు, ఒకరిది చుక్కలు. ఫోన్ బ్రైట్‌నెస్ బాగా తగ్గించి ఆడి చూస్తే ఎక్కడ తేడా కనబడట్లేదో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

మూడోది వేలు. పీసీలో మౌస్ కర్సర్ పెడితే వివరం వస్తుంది. ఫోన్‌లో వేలు పెడితే ఆ చోటే మూసుకుపోతుంది. అందుకని వివరం ఎప్పుడూ వేలికి పైన, కొంచెం ఎడంగా రావాలి. చిన్న విషయమే, కానీ నేను దీన్ని నాలుగుసార్లు మార్చాను.

మీరు కూడా మొదలుపెడుతుంటే

ముందు షిప్పులు ఎలా కదులుతాయో తేల్చుకోండి. సరిహద్దు రూల్ దాని తర్వాతే. ఎటైనా ఎగిరిపోగలిగే గేమ్ అయితే వృత్తాలు బాగానే సరిపోతాయి. దారులుంటే లెక్క దారుల మీదే వేయండి.

సరిహద్దు మారే ముందు హెచ్చరిక ఇవ్వండి. మారాక కారణం చెప్పండి. ఈ రెండూ లేకపోతే ఎంత తెలివైన రూల్ అయినా ఆటగాడికి మోసంలాగే కనిపిస్తుంది.

మీ రూల్‌ని ఒక్క వాక్యంలో ఇంట్లో ఎవరికైనా చెప్పి చూడండి. వాళ్లకి అర్థం కాకపోతే గేమ్‌లోనూ అర్థం కాదు.

చివరగా, రాసిన కోడ్ మీద మమకారం పెంచుకోకండి. పారడాక్స్ అంత పెద్ద సంస్థే అప్పటికే అమ్మిన గేమ్‌లోంచి రెండు ప్రయాణ పద్ధతుల్ని తీసి పక్కన పెట్టింది. నా ఆర్నెల్ల కోడ్‌లో సగం పోయింది. మూడు రోజులు బాధపడ్డాను, నాలుగో రోజు డిలీట్ చేశాను.

కొత్త వెర్షన్ పంపితే మా తమ్ముడు మొదట ఇన్‌స్టాల్ చేయనన్నాడు. బతిమాలితే చేశాడు. వారం తర్వాత మెసేజ్ పెట్టాడు. "అన్నా, ఆ ఖనిజాల నక్షత్రం మళ్లీ పోయింది. జంక్షన్‌లో ఔట్‌పోస్ట్ కట్టమని మూడు టర్నులు అరిచింది గేమ్. నేనే డబ్బులన్నీ షిప్పుల మీద పెట్టేశా. రేపు మళ్లీ ఆడతా."

నక్షత్రం మళ్లీ పోయింది. ఈసారి ఎందుకు పోయిందో వాడే నాకు చెప్పాడు.